చుట్టుదారే దగ్గర దారి!

ఒక చిన్న ప్రశ్న. ఢిల్లీలో బయలుదేరిన విమానం అమెరికా పడమటి తీరంలో ఉన్న శాన్ ఫ్రాన్సిస్కో నగరానికి చేరాలి. అది ఎటు పోవాలి? తూర్పుకా, పడమరకా?

తరగతి గదిలో గోడకు తగిలించిన ప్రపంచ పటం చూసి చెప్పమంటే మీలో చాలామంది "పడమరకి" అంటారు. పటంలో మన దేశం కుడివైపున ఉంది, అమెరికా ఎడమవైపున ఉంది. నడుమ యూరపు, అట్లాంటిక్ మహాసముద్రం ఉన్నాయి. వాటిని దాటి, అమెరికాను ఈ చివర నుంచి ఆ చివరికి దాటితే శాన్ ఫ్రాన్సిస్కో వస్తుంది. ఇది తప్పు జవాబేమీ కాదు. 2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా సంస్థ ఈ రెండు నగరాల మధ్య ఎక్కడా ఆగకుండా పోయే విమానాన్ని ప్రారంభించినప్పుడు అది ఈ పడమటి దారినే పోయింది. దారి పొడవు సుమారు 13,900 కిలోమీటర్లు. ప్రయాణానికి పట్టిన కాలం సుమారు పదహారున్నర గంటలు.

2016 అక్టోబరులో ఆ విమానాన్ని తూర్పుకు తిప్పారు. చైనా, జపాను దాటి, పసిఫిక్ మహాసముద్రం మీదుగా పోయింది. ఈసారి నడిచిన దూరం సుమారు 15,300 కిలోమీటర్లు. పట్టిన కాలం పద్నాలుగున్నర గంటలు!

ఇందులో వింత గమనించారా? దూరం 1,400 కిలోమీటర్లు పెరిగింది. కాలం మాత్రం రెండు గంటలు తగ్గింది. విమానం అదే, ఇంజన్లు అవే. మన ఊళ్లో బస్సు అయితే చుట్టుదారిన పోయి ముందుగా చేరుతుందా? మరి విమానం ఎలా చేరింది? ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు అసలు "దూరం" అంటే ఏమిటో తేల్చుకోవాలి.

దారం చెప్పే నిజం

మీ పాఠశాలలో గ్లోబు ఉంటుంది. ఒక దారం తెచ్చుకోండి. దారం ఒక కొసను ఢిల్లీ మీద, రెండో కొసను శాన్ ఫ్రాన్సిస్కో మీద పెట్టి, వదులు లేకుండా బిగించండి. దారం ఎటు పోయిందో చూడండి. అది తూర్పుకూ పోలేదు, పడమరకూ పోలేదు. దాదాపు ఉత్తరానికి పోయింది! టిబెట్ మీదుగా ఎక్కి, సైబీరియా దాటి, ఆర్కిటిక్ మహాసముద్రాన్ని తాకి, అలాస్కా మీదుగా అమెరికా తీరానికి దిగింది. గోళం మీద ఈ రెండు నగరాల మధ్య అతి దగ్గర దారి అదే.

గోళాన్ని సరిగ్గా రెండు సమాన భాగాలుగా కోసే వృత్తాన్ని మహావృత్తం అంటారు. భూమధ్యరేఖ ఒక మహావృత్తం. రెండు ధ్రువాల గుండా పోయే వృత్తాలన్నీ మహావృత్తాలే. కాగితం మీద రెండు బిందువుల మధ్య దగ్గర దారి సరళరేఖ అయినట్టే, గోళం మీద దగ్గర దారి మహావృత్తంలోని ముక్క. గ్లోబు మీద బిగించిన దారం తనంతట తానే మహావృత్తం మీద పడుతుంది.

గోడ మీది పటం మనల్ని ఎందుకు మోసం చేస్తుంది? నారింజ తొక్కను చింపకుండా బల్ల మీద పరచడం ఎవరి తరమూ కాదు. గుండ్రని భూమిని చదునైన కాగితం మీద గీయడమూ అంతే. ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. పాఠశాల పటాల్లో ధ్రువాల దగ్గరి ప్రాంతాలు బాగా సాగిపోతాయి. అందుకే అక్కడ నిజంగా దగ్గరగా ఉన్న చోట్లు పటంలో చాలా దూరంగా కనిపిస్తాయి.

ఒక తేలిక లెక్క చేద్దాం. ఫిన్లాండు రాజధాని హెల్సింకి, అలాస్కాలోని ఆంకరేజి నగరం రెండూ ఇంచుమించు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. ధ్రువానికి చెరో వైపున, దాదాపు ఎదురెదురుగా ఉన్నాయి. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర చుట్టుకొలత అందులో సగమే, అంటే 20,000 కిలోమీటర్లు. అక్షాంశం వెంబడి తూర్పుకు పోతే ఆ వృత్తంలో సగం, అంటే 10,000 కిలోమీటర్లు పోవాలి. అలాకాక నేరుగా ధ్రువం మీదుగా పోతే? 60వ అక్షాంశం నుంచి ధ్రువానికి 30 డిగ్రీలు, మళ్లీ దిగడానికి 30 డిగ్రీలు, మొత్తం 60 డిగ్రీలు. ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు (40,000ని 360తో భాగించండి). మొత్తం సుమారు 6,670 కిలోమీటర్లు. మూడో వంతు దూరం మిగిలిపోయింది!

లెక్క వేసే సూత్రం

దారంతో కొలిస్తే కొంత తేడా రావచ్చు. త్రికోణమితి నేర్చుకున్నవారు సరిగ్గా లెక్క వేయవచ్చు. రెండు ఊళ్ల నుంచి భూకేంద్రానికి గీతలు గీశామనుకోండి. ఆ గీతల మధ్య కోణం తెలిస్తే దూరం తెలిసినట్టే. ఆ కోణానికి సూత్రం ఇది:

కోణం కొసైన్ = (మొదటి అక్షాంశం సైన్ × రెండో అక్షాంశం సైన్) + (మొదటి అక్షాంశం కొసైన్ × రెండో అక్షాంశం కొసైన్ × రేఖాంశాల తేడా కొసైన్)

ఢిల్లీ విమానాశ్రయం 28.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.1 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయం 37.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 122.4 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది. 77.1, 122.4 కలిపితే 199.5 డిగ్రీలు. కాని ఇది చుట్టు తిరిగిన లెక్క. 360 నుంచి తీసివేస్తే 160.5 డిగ్రీలు. అంటే రేఖాంశాల ప్రకారం అమెరికా పడమటి తీరం మనకు తూర్పువైపునుంచే దగ్గర! పటాన్ని అట్లాంటిక్ నడుమ ఉండేలా అచ్చు వేశారు గనుక ఈ సంగతి మనకు తోచదు.

సూత్రంలో అంకెలు వేస్తే మొదటి భాగం 0.292, రెండో భాగం రుణ 0.656. మొత్తం రుణ 0.364. కొసైన్ రుణ సంఖ్య అయితే కోణం 90 డిగ్రీలు దాటిందన్నమాట. పట్టికలో చూస్తే కోణం సుమారు 111.3 డిగ్రీలు. దాన్ని 111.2తో గుణిస్తే సుమారు 12,400 కిలోమీటర్లు. ఢిల్లీకి, శాన్ ఫ్రాన్సిస్కోకు నడుమ గోళం మీది అతి తక్కువ దూరం అదే. దిక్సూచిలో దిక్కు మారకుండా, నావికుల పటంలో సరళరేఖ గీసినట్టు తూర్పుకు పోతే ఇదే ప్రయాణం సుమారు 14,950 కిలోమీటర్లు అవుతుంది.

దగ్గర దారిన ఎందుకు పోరు?

12,400 కిలోమీటర్ల దారి ఉండగా 13,900, 15,300 కిలోమీటర్ల దారులెందుకు? మొదటి అడ్డు హిమాలయాలు, వాటి వెనుక ఉన్న టిబెట్ పీఠభూమి.

"విమానం పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పోతుంది గదా, తొమ్మిది కిలోమీటర్లయినా లేని ఎవరెస్టు శిఖరం దానికి అడ్డమా?" అని మీరు అడగవచ్చు. అంతా సవ్యంగా ఉన్నంతసేపు అడ్డం కాదు. అంత ఎత్తున గాలి బాగా పలచన. అందుకే విమానం లోపల గాలిని కుదించి నింపుతారు. ఏదైనా లోపం వల్ల ఆ గాలి బయటికి పోతే ప్రయాణికులకు ముసుగుల ద్వారా ఆక్సిజన్ అందుతుంది. కాని అది కొద్ది నిమిషాలకు మాత్రమే సరిపోతుంది. ఆ లోగా పైలట్ విమానాన్ని గాలి చాలినంత ఉండే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దించాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర కిలోమీటర్లు! అక్కడ మూడు కిలోమీటర్లకు దిగడం ఎలా? అందుకే విమానాలు వీలైనంతవరకు ఆ ప్రాంతాన్ని తప్పించుకుని పోతాయి.

రెండో అడ్డు మనుషులు పెట్టినది. నేల మీద ఉన్నట్టే ఆకాశంలోనూ దేశాల సరిహద్దులున్నాయి. ఒక దేశం మీదుగా ఎగరాలంటే ఆ దేశం అనుమతి కావాలి. యుద్ధాలు వస్తే దారులు మూసుకుపోతాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తీవ్రమయ్యాక రష్యా తన ఆకాశాన్ని అనేక దేశాల విమానాలకు మూసివేసింది. అవి గంటల తరబడి చుట్టు తిరగవలసి వచ్చింది.

మూడోది, ఆపదలో దిగడానికి చోటు. రెండు ఇంజన్ల విమానంలో ఒక ఇంజను ఆగినా రెండో దానితో నిర్ణీత కాలంలో చేరగలిగే విమానాశ్రయం దారి పొడవునా ఉండి తీరాలి. ఇది కాగితం మీది జాగ్రత్త కాదు. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు పోతున్న విమానం ఇంజనులో లోపం కనిపించడంతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్ పట్టణంలో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. రెండు రోజుల తరువాత మరో విమానం వచ్చి వారిని గమ్యం చేర్చింది. దారి గీసేటప్పుడు మగదాన్ లాంటి చోట్లను ముందుగా గుర్తించి పెట్టుకున్నందువల్లే అది సాధ్యమైంది.

భూమి తిరుగుతోంది గదా!

ఇక కాలం సంగతి. ఇక్కడ తెలివైన విద్యార్థికి ఒక ఊహ వస్తుంది. "భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది. విమానం పైకి లేచి ఊరికే నిలబడితే చాలు, అమెరికాయే తిరిగి కిందికి రాదా?"

భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతోంది. హైదరాబాదు దగ్గర ఈ వేగం సుమారు 1,590 కిలోమీటర్లు. అయితే నేలతోపాటు గాలి కూడా తిరుగుతోంది. నేల మీద నిలబడ్డ విమానానికి కూడా ఆ వేగం ముందే ఉంది. పరుగెత్తే రైలులో మీరు బంతిని పైకి ఎగరవేస్తే అది వెనక పెట్టెలో పడదు, మీ చేతిలోనే పడుతుంది. ఇదీ అంతే. గాలి భూమితో తిరగకపోతే మన ఇళ్ల మీద గంటకు 1,590 కిలోమీటర్ల ఈదురుగాలి ఎప్పుడూ వీస్తూ ఉండాలి!

కాబట్టి భూమి తిరగడం వల్ల విమానానికి నేరుగా లాభం లేదు. కాని మరో రూపంలో లాభం ఉంది.

ఆకాశంలో నదులు

భూమధ్యరేఖ దగ్గరి గాలి వేడిగా, ధ్రువాల దగ్గరి గాలి చల్లగా ఉంటుంది. వేడి గాలి పైకి లేచి ధ్రువాల వైపు సాగుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఉన్నప్పుడు దానికి తూర్పువైపు వేగం ఎక్కువ. ఉత్తరానికి పోయేకొద్దీ కింద ఉన్న నేల వేగం తక్కువ. అందుచేత ఆ గాలి నేల కన్నా ముందుకు, అంటే తూర్పుకు ఒరుగుతుంది. ఇలా తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు గట్టి గాలి ప్రవాహాలు ఏర్పడతాయి. వీటికి జెట్ ప్రవాహాలని పేరు. ఇవి వేల కిలోమీటర్ల పొడవున నదుల్లా మెలికలు తిరుగుతూ ప్రవహిస్తాయి. వేగం గంటకు 150, 200 కిలోమీటర్లు ఉండటం మామూలే. ఒక్కొక్కప్పుడు 300 కూడా దాటుతుంది. వేడి, చలి మధ్య తేడా శీతకాలంలో ఎక్కువ గనుక అప్పుడు ఈ గాలులు మరింత బలంగా వీస్తాయి.

వీటిని మొదట శ్రద్ధగా కొలిచినవాడు జపాను శాస్త్రజ్ఞుడు వాసబురో ఓయిషి. ఆయన 1920ల్లో తతెనో పరిశోధనశాల నుంచి బెలూన్లు వదిలి, అవి ఎంత వేగంగా కొట్టుకుపోతున్నాయో దూరదర్శినితో గమనించాడు. ప్రపంచమంతా చదవాలనే ఆశతో తన నివేదికను ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో 1926లో ప్రచురించాడు. కాని ఆ భాష తెలిసినవారెందరు? ఎవరూ పట్టించుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో జపాను మీదికి పోయిన అమెరికా బాంబర్లు ఆ గాలి దెబ్బ తిన్నాక గాని దాని బలం వారికి అర్థం కాలేదు. జపానువారు అదే గాలిని ఆయుధంగా వాడుకున్నారు. కాగితంతో చేసిన వేలాది బెలూన్లకు బాంబులు కట్టి వదిలితే, అవి పసిఫిక్‌ను దాటి అమెరికా దాకా కొట్టుకుపోయాయి. 1945 మేలో ఆరెగన్ రాష్ట్రం అడవిలో అలాంటి ఒక బాంబు పేలి ఐదుగురు పిల్లలు, ఒక స్త్రీ మరణించారు. అదే గాలి ఈనాడు ప్రయాణికులను వేగంగా మోస్తోంది.

గోదావరిలో పడవ లెక్క

గోదావరిలో భద్రాచలం నుంచి రాజమండ్రికి వాలు వైపు పోయే పడవకు నీరు తోడు. ఎదురు పోయే పడవకు నీరే శత్రువు. పడవవాడు రెండుసార్లూ ఒకే బలంతో తెడ్డు వేసినా చేరే కాలం ఒకటి కాదు. ఎందుకంటే తెడ్డు నెట్టేది నీటిని, ఒడ్డును కాదు. విమానం ఇంజను నెట్టేది గాలిని, నేలను కాదు.

ఇప్పుడు మన మొదటి చిక్కుముడికి వద్దాం. విమానం గాలిలో గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుందాం. ఎక్కడానికి, దిగడానికి పట్టే తేడాలు ప్రస్తుతానికి వదిలేద్దాం.

తూర్పు దారిలో 14.5 గంటల్లో విమానం గాలిలో పోయిన దూరం 900 × 14.5 = 13,050 కిలోమీటర్లు. నేల మీద మాత్రం 15,300 కిలోమీటర్లు గడిచాయి. మిగిలిన 2,250 కిలోమీటర్లు ఎవరు మోశారు? గాలి మోసింది! అంటే గంటకు సగటున 155 కిలోమీటర్ల తోడుగాలి అన్నమాట.

పడమటి దారిలో 16.5 గంటల్లో విమానం గాలిలో పోయిన దూరం 900 × 16.5 = 14,850 కిలోమీటర్లు. నేల మీద గడిచింది 13,900 మాత్రమే. 950 కిలోమీటర్లు ఎదురుగాలి మింగేసింది. అంటే గంటకు సుమారు 58 కిలోమీటర్ల ఎదురుగాలి.

నేలను బట్టి చూస్తే తూర్పు దారి 1,400 కిలోమీటర్లు ఎక్కువ. గాలిని బట్టి చూస్తే అదే దారి 1,800 కిలోమీటర్లు తక్కువ. విమానానికి లెక్కలోకి వచ్చేది గాలిలో నడిచిన దూరమే. చుట్టుదారి దగ్గర దారి కావడంలో రహస్యం ఇదే.

రెండు గంటల విలువ ఎంత?

రెండు గంటలు ముందుగా దిగితే ప్రయాణికుడికి నడుము నొప్పి కాస్త తగ్గుతుంది, అంతేనా? కాదు. ఆ ప్రయాణానికి వాడిన బోయింగ్ 777 రకం విమానం నిండా బరువుతో లేచేటప్పుడు సుమారు 347 టన్నులు తూగగలదు. అందులో ఇంధనమే 145 టన్నుల దాకా ఉండవచ్చు. అంటే మోసే బరువులో నూటికి నలభై పాళ్లు తాను తాగబోయే ఇంధనమే!

ఇలాంటి విమానం గంటకు సుమారు 7 టన్నుల ఇంధనం కాలుస్తుంది. రెండు గంటలు తగ్గితే 14 టన్నులు మిగిలినట్టే. ఒక టన్ను విమాన ఇంధనం కాలితే సుమారు 3.16 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఇంధనం కన్నా పొగ బరువు ఎక్కువ ఎలా అని ఆశ్చర్యపోకండి. ఇంధనంలోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది, ఆ ఆక్సిజన్ బరువు కూడా చేరుతుంది. 14 టన్నులకు లెక్క వేస్తే ఒక్క ప్రయాణానికి సుమారు 44 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వాతావరణంలో కలవకుండా ఆగింది.

రెండుసార్లు వచ్చిన ఆదివారం

తూర్పు దారిలో మరో తమాషా ఉంది. అక్టోబరు నెలలో ఒక ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు విమానం ఢిల్లీలో లేచిందనుకోండి. పద్నాలుగున్నర గంటల తరువాత మన గడియారంలో ఆదివారం సాయంత్రం 6:30. మన కాలం గ్రీనిచ్ కాలం కన్నా 5:30 గంటలు ముందు. శాన్ ఫ్రాన్సిస్కోలో అప్పటి వేసవి కాలమానం గ్రీనిచ్ కన్నా 7 గంటలు వెనుక. మొత్తం తేడా 12:30 గంటలు. కాబట్టి దిగేసరికి అక్కడ ఆదివారం ఉదయం 6 గంటలు! గడియారాలను నమ్మితే ప్రయాణం రెండు గంటల్లో ముగిసింది.

ప్రయాణికులకు ఏం కనిపిస్తుంది? లేచిన కొద్దిసేపటికే ఎదురుగా ఆదివారపు సూర్యోదయం. తూర్పుకు పోతున్నారు గనుక పగలు త్వరత్వరగా గడిచిపోతుంది. జపాను దాటాక సూర్యుడు వెనక అస్తమిస్తాడు. పసిఫిక్ నడుమ అంతర్జాతీయ దినరేఖను దాటగానే ఆదివారం రాత్రి కాస్తా శనివారం రాత్రిగా మారిపోతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో దిగి బయటికి వచ్చేసరికి మళ్లీ ఆదివారపు సూర్యోదయం!

ఈ వింతను మనుషులు మొదట గమనించింది 1522లో. మాజిలాన్ బృందం పడమటి దారిన భూమిని చుట్టి వస్తూ కేప్ వెర్డె దీవుల దగ్గర ఆగింది. ఓడలో లెక్క ప్రకారం ఆ రోజు బుధవారం. రేవులో వారు గురువారం అన్నారు. తేదీలు రాసిన పిగాఫెట్టా ఒక్క రోజూ తప్పకుండా లెక్క పెట్టినవాడు. తప్పు ఆయనది కాదు. సూర్యుడితోపాటు పడమరకు భూమిని ఒకసారి చుట్టినందుకు వారు చూసిన సూర్యోదయాలు ఒకటి తగ్గాయి!

తిరుగు ప్రయాణం

తూర్పుకు పోయేటప్పుడు తోడు వచ్చిన గాలి తిరిగి వచ్చేటప్పుడు ఎదురు నిలుస్తుంది. మరి వచ్చేటప్పుడు ఏం చేయాలి? ఆ నదికి దూరంగా, ఉత్తరంగా పోవాలి.

2021 జనవరి 9 శనివారం రాత్రి శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా వచ్చి, 11వ తేదీ సోమవారం తెల్లవారుజామున బెంగుళూరులో దిగింది. పట్టిన కాలం సుమారు 17 గంటలు. ఈ నగరాల మధ్య మహావృత్త దూరం సుమారు 14,000 కిలోమీటర్లు. ఆ విమానాన్ని నడిపినవారంతా మహిళలే. జోయా అగర్వాల్ నాయకత్వంలో పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరె, శివానీ మన్హాస్ ఆ పని చేశారు.

ధ్రువం మీద దారి తేలిక కాదు. అయస్కాంత దిక్సూచి అక్కడ పనికిరాదు. బయటి చలి సున్నాకు 60 డిగ్రీలు దిగువకు పోవచ్చు. సాధారణంగా వాడే విమాన ఇంధనం సున్నాకు 47 డిగ్రీల దిగువన గడ్డకట్టనారంభిస్తుంది. కాబట్టి పైలట్లు ఇంధనం ఉష్ణోగ్రతను కనిపెడుతూ, అవసరమైతే ఎత్తునో వేగాన్నో మార్చుకోవాలి.

ఆ విమానంలో ఉన్నవారికి శనివారం రాత్రి తరువాత సోమవారం తెల్లవారుజాము వచ్చింది. మరి ఆదివారం ఏమైంది? అది ఆకాశంలోనే గడిచిపోయింది. జనవరిలో ధ్రువ ప్రాంతంలో సూర్యుడు ఉదయించడు. మీరే లెక్క వేసి చూడండి, ఆ ఆదివారం వారు సూర్యుడిని చూసే అవకాశం ఉందో లేదో!

ఒక డిగ్రీ తప్పితే

పైలట్లకు ఒక మోట లెక్క ఉంది. దిక్కు ఒక డిగ్రీ తప్పితే 60 కిలోమీటర్లు పోయేసరికి విమానం ఒక కిలోమీటరు పక్కకు పోతుంది. 600 కిలోమీటర్లకు 10 కిలోమీటర్లు. 6,000 కిలోమీటర్లకు 100 కిలోమీటర్లు.

మహావృత్తం మీద పోయేటప్పుడు దిక్సూచిలో దిక్కు ఎప్పటికప్పుడు మారుతూ ఉండాలి. ఢిల్లీ నుంచి ఉత్తరంగా బయలుదేరిన దారి శాన్ ఫ్రాన్సిస్కోకు దక్షిణంగా దిగుతుంది గదా! దిక్కు మార్చకపోతే ఏమవుతుందో 1983 సెప్టెంబరు 1న ప్రపంచం చూసింది. ఆంకరేజి నుంచి సియోల్‌కు పోతున్న కొరియా విమానంలో దారిని తానే దిద్దుకునే పరికరానికి బదులు ఒకే దిక్కును పట్టి ఉంచే పద్ధతి పని చేస్తూ ఉండిపోయిందని తరువాత విచారణలో తేలింది. మొదట స్వల్పంగా ఉన్న తేడా గంటలు గడిచేకొద్దీ పెరిగి 500 కిలోమీటర్లు దాటింది. విమానం సోవియట్ ఆకాశంలోకి పోయింది. యుద్ధ విమానం దాన్ని కూల్చివేసింది. అందులో ఉన్న 269 మందీ మరణించారు.

ఆ నెలలోనే అమెరికా ప్రభుత్వం, తన సైన్యం కోసం తయారుచేస్తున్న జి.పి.ఎస్. ఉపగ్రహ వ్యవస్థను పూర్తయ్యాక పౌర విమానాలకు కూడా ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. 1995 నాటికి అది పూర్తిస్థాయిలో పనిచేయనారంభించింది. ఈనాడు మీ ఇంట్లో ఫోను దారి చూపించేది కూడా ఆ ఉపగ్రహాల సాయంతోనే.

కాబట్టి "ఆ ఊరు ఎంత దూరం?" అని ఎవరైనా అడిగితే వెంటనే ఒక అంకె చెప్పకండి. గోళం మీద ఎంత, నేల మీద ఎంత, గాలిలో ఎంత అని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏ రోజు ఏ దారి మేలో ఆ రోజు గాలి తేలుస్తుంది. అందుకే విమానం లేచే ముందు ప్రతిరోజూ కొత్తగా లెక్క వేస్తారు.

మీరే చేయండి

1. మీ పాఠశాల గ్లోబు అడ్డుకొలత 30 సెంటీమీటర్లు అయితే ఢిల్లీ, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య బిగించిన దారం ఎంత పొడవుండాలి? కొలిచి సరిచూడండి.

2. రెండు నగరాల మధ్య దూరం 9,000 కిలోమీటర్లు. విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లు. పోయేటప్పుడు 100 కిలోమీటర్ల తోడుగాలి, వచ్చేటప్పుడు అంతే ఎదురుగాలి. గాలి లేని రోజుతో పోలిస్తే రాకపోకల మొత్తం కాలం పెరుగుతుందా, తగ్గుతుందా, సమానంగా ఉంటుందా?

3. సోమవారం సాయంత్రం 5 గంటలకు టోక్యోలో లేచిన విమానం తొమ్మిదిన్నర గంటల్లో శాన్ ఫ్రాన్సిస్కో చేరింది. టోక్యో కాలం గ్రీనిచ్ కన్నా 9 గంటలు ముందు, శాన్ ఫ్రాన్సిస్కో కాలం 7 గంటలు వెనుక. దిగేసరికి అక్కడ ఏ రోజు, ఎన్ని గంటలు?

జవాబులు

1. గ్లోబు చుట్టుకొలత 94.2 సెం.మీ. ఒక సెంటీమీటరుకు సుమారు 425 కి.మీ. కాబట్టి దారం సుమారు 29 సెం.మీ.

2. పోవడానికి 9 గంటలు, రావడానికి 11 గంటల 15 నిమిషాలు. మొత్తం 20 గంటల 15 నిమిషాలు. గాలి లేకపోతే 20 గంటలే. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం గనుక నష్టం లాభాన్ని మించిపోతుంది.

3. సోమవారం ఉదయం 10:30. బయలుదేరిన సమయం కన్నా ముందే చేరినట్టు!